నడుస్తున్న ప్రాజెక్టుకు అదనపు నిధులు: ఫైలు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

క్లుప్తంగా

మంజూరైన పరిశోధన ప్రాజెక్టును విస్తరించడానికి మరికొంత డబ్బు అడిగినప్పుడు నిధులిచ్చే సంస్థ ముందుగా మూడు సంగతులు చూస్తుంది. ఇదివరకు ఇచ్చిన డబ్బు లెక్క తేలిందా? అడుగుతున్న పని అదే ప్రాజెక్టు కిందికి వస్తుందా? మిగిలిన గడువులో అది పూర్తవుతుందా? కొత్త ఆలోచన ఎంత మంచిదన్న చర్చ వీటి తర్వాతే మొదలవుతుంది. మంచి శాస్త్రం ఉన్న దరఖాస్తులు కూడా లెక్కల దగ్గర, తేదీల దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. గుంటూరు, విజయవాడ ప్రాంతంలో మిరప సీజను కూడా ఈ తేదీల లెక్కలోకి వస్తుంది.

గందరగోళం ఎక్కడ మొదలైంది

గుంటూరు, విజయవాడల మధ్య పరిశోధన సంస్థలు చాలానే ఉన్నాయి. నాగార్జున నగర్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, మంగళగిరిలో ఎయిమ్స్, లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, వడ్లమూడి, వడ్డేశ్వరం, నీరుకొండ వైపు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. వీటిలో చాలా ప్రాజెక్టులు కేంద్ర ప్రభుత్వ సంస్థల గ్రాంట్ల మీద నడుస్తాయి. గత మూడు నాలుగేళ్లలో ఆ గ్రాంట్ల వెనుక ఉన్న యంత్రాంగం బాగా మారింది.

2008 చట్టంతో ఏర్పడిన సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు (సెర్బ్) స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. దాని చట్టం 2023లో ఆమోదం పొంది, 2024 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చింది. సెర్బ్ పేరుతో మంజూరైన ప్రాజెక్టులు కొత్త సంస్థ కిందకు మారాయి. ఇదే కాలంలో గ్రాంటు సొమ్మును సంస్థ బ్యాంకు ఖాతాలో వేసి వదిలేసే పాత పద్ధతి పోయి, ఖజానా నుంచి అవసరమైనంతే తీసుకునే పద్ధతి బలపడింది. మంజూరు పత్రం ఒక నిబంధన కాలంనాటిది, విడుదల మరో పద్ధతిలో జరుగుతోంది. ప్రాజెక్టు నడిపే అధ్యాపకుడికీ, వర్సిటీ ఫైనాన్స్ విభాగానికీ మధ్య వచ్చే సగం వాదనలు ఈ తేడా నుంచి పుట్టినవే.

ఇంకో అపోహ కూడా వినిపిస్తోంది. కేంద్రం ప్రకటించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, నవకల్పన నిధి నుంచి విశ్వవిద్యాలయ ప్రాజెక్టుకు అదనపు సొమ్ము అడగవచ్చని కొన్ని కళాశాలల్లో అనుకుంటున్నారు. ఆ నిధి ప్రైవేటు రంగంలో, మార్కెట్‌కు దగ్గరపడిన సాంకేతికతల కోసం ఉద్దేశించినది. నడుస్తున్న ప్రయోగశాల గ్రాంటును పెంచుకోవడానికి అది దారి కాదు.

అడిగేది ఏమిటో ముందు తేల్చుకోవాలి

‘అదనపు నిధులు’ అన్న ఒకే మాట కింద నిజానికి నాలుగు వేర్వేరు అభ్యర్థనలు కలిసిపోతుంటాయి. ఒక్కోదానికి నిర్ణయం తీసుకునేవారు వేరు, పట్టే కాలం వేరు, అడిగే కాగితాలు వేరు.

మొదటిది పద్దుల మార్పు. మొత్తం మారదు, ఒక ఖర్చు పద్దు (హెడ్)లో మిగిలింది మరో హెడ్‌కు వాడుకుంటారు. ప్రయాణాల్లో మిగిలిన 60 వేలను రసాయనాలకు మళ్లించడం లాంటిది. దీన్ని రీఅప్రోప్రియేషన్ అంటారు. రోజువారీ ఖర్చుల హెడ్‌ల మధ్య మార్పు సాధారణంగా తేలికే, పరికరాల సొమ్మును జీతాలకో, జీతాల సొమ్మును పరికరాలకో మళ్లించడం మాత్రం కష్టం. కేంద్ర బడ్జెట్‌లోనే సాధారణ గ్రాంటు 31వ పద్దు కింద, ఆస్తుల కల్పనకు ఇచ్చే గ్రాంటు 35వ పద్దు కింద, జీతాల గ్రాంటు 36వ పద్దు కింద విడివిడిగా ఉంటాయి. పార్లమెంటు ఆమోదించిన ఆ విభజనను నిధులిచ్చే సంస్థలోని ప్రోగ్రామ్ అధికారి తన సంతకంతో దాటలేడు. అధికారి మొండిగా ఉన్నాడని విసుక్కునే ముందు ఈ సంగతి తెలుసుకుంటే సమయం కలిసొస్తుంది.

రెండోది నో-కాస్ట్ ఎక్స్‌టెన్షన్. డబ్బు ఉంది, గడువు చాలదు. మూడోది అసలైన అనుబంధ గ్రాంటు: అదే లక్ష్యాలు, అదే పద్ధతి, పరిధి మాత్రం పెరుగుతుంది, లేదా ఖర్చు ముందుగా ఊహించలేని కారణంతో పెరిగింది. నాలుగోది పేరుకు విస్తరణ, నిజానికి కొత్త ప్రాజెక్టు. ప్రశ్న మారింది, పద్ధతి మారింది, కొత్త సహ పరిశోధకులు వచ్చారు. దీన్ని అనుబంధంగా పంపితే ‘తాజా ప్రతిపాదనగా సమర్పించండి’ అన్న ఒక్క వాక్యంతో తిరిగొస్తుంది. ఈలోపు తాజా ప్రతిపాదనలకు పిలుపు గడువు దాటిపోయిందంటే ఒక సంవత్సరం పోయినట్టే.

తేడా పట్టుకోవడానికి పనికొచ్చే పరీక్ష ఒకటుంది. మంజూరు పత్రంతో వచ్చిన లక్ష్యాల జాబితాను పక్కన పెట్టుకుని, కొత్తగా చేయబోయే ప్రతి పనినీ అందులోని ఏదో ఒక లక్ష్యానికి కలపాలి. ఒక్క కొత్త వాక్యమూ రాయకుండా కలిస్తే అనుబంధం. లక్ష్యంలోని మాటలు మార్చాల్సి వస్తే అది కొత్త ప్రాజెక్టు.

మొత్తం ముందే ఖరారైన పథకాల సంగతి వేరు. గణిత పరిశోధనకు ఇచ్చే మ్యాట్రిక్స్ పథకంలో ఏడాదికి 2 లక్షల చొప్పున 3 ఏళ్లు, ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటులో 3 ఏళ్లకు 60 లక్షలు; ఓవర్‌హెడ్స్, అంటే సంస్థ నిర్వహణ ఖర్చులకు ఇచ్చే వాటా, అదనం. ఇలాంటి వాటిలో గరిష్ఠ మొత్తం ఇప్పటికే మంజూరై ఉంటే పైన అడగడానికి చోటు ఉండదు. పథకం ప్రకటనలో పరిమితి రాసిన పేరా చదవకుండా దరఖాస్తు తయారీకి కూర్చోకూడదు.

డబ్బు ఎందుకు చాలదు

కొరతకు కారణం చెప్పడంలోనే చాలా దరఖాస్తులు బలహీనపడతాయి. ‘ధరలు పెరిగాయి’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఏ ధర, ఏ తేదీన, ఏ ఉత్తర్వుతో, ఎంత పెరిగిందో చూపాలి. చూపడానికి గట్టి కారణాలు ఉన్నాయి కూడా.

ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలపై ఒకప్పుడు 5 శాతం జీఎస్టీ రాయితీ రేటు ఉండేది. 2022 జులై 18 నుంచి ఆ రాయితీ ఎత్తేశారు. దాంతో చాలా పరికరాలకు 18 శాతం పడింది. 10 లక్షల పరికరం 10.5 లక్షలకు వస్తుందని లెక్క వేసుకున్న ప్రాజెక్టు 11.8 లక్షలు కట్టాల్సి వచ్చింది. లక్షా 30 వేల తేడా ఒక ఏడాది రసాయనాల ఖర్చులో సగం దాకా మింగేస్తుంది.

విదేశీ పరికరాలకు డాలరు దెబ్బ అదనం. 2022 తొలినాళ్లలో డాలరు 75 రూపాయల దగ్గర ఉంది, 2024 డిసెంబరులో 85 దాటింది. 40 వేల డాలర్ల యంత్రం 30 లక్షల నుంచి 34 లక్షలకు చేరింది. పన్నులు ఆపైన.

ఫెలోషిప్‌ల సవరణ మూడో కారణం. 2023 జూన్‌లో వచ్చిన ఉత్తర్వుతో, ఆ ఏడాది జనవరి 1 నుంచి వర్తించేలా, జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్‌ఎఫ్) భృతి నెలకు 31 వేల నుంచి 37 వేలకు, సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్) భృతి 35 వేల నుంచి 42 వేలకు పెరిగింది. అంటే ఒక్కో జేఆర్‌ఎఫ్ మీద ఏడాదికి 72 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్ మీద 84 వేలు, ఇంటి అద్దె భత్యం కాక. పాత రేట్లతో మంజూరైన ప్రాజెక్టుల్లో జీతాల హెడ్ చివరి ఏడాదికి ఖాళీ అయిపోవడానికి ఇదే కారణం. పరిశోధక విద్యార్థికి మూడేసి నెలలు ఫెలోషిప్ అందకపోవడం వెనుక ఎవరి దురుద్దేశమూ లేకపోవచ్చు. ఈ లెక్కను సకాలంలో ఎవరూ రాసి పంపలేదు, అంతే. ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది మాత్రం అద్దె గదిలో ఉండి పని చేస్తున్న ఆ విద్యార్థే.

నాలుగో కారణం పరిశోధన వస్తువే మారిపోవడం. మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ఇదే అన్నిటికన్నా బలమైన వాదన. నల్ల తామర పురుగు, శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్, దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. 2021–22 సీజనులో అది గుంటూరు మిరప మీద విరుచుకుపడింది. 2020లో మంజూరైన మిరప ప్రాజెక్టుకు అది ఊహించని పరిణామమే. అదే కారణాన్ని 2024లో మంజూరైన ప్రాజెక్టు చూపిస్తే ‘అసలు ప్రతిపాదనలోనే ఎందుకు చేర్చలేదు’ అని అడుగుతారు. కృష్ణా నీటి నాణ్యత మీద 2023లో మొదలైన అధ్యయనానికి 2024 సెప్టెంబరు నాటి బుడమేరు ముంపు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం అలాంటి పరిణామాలే. నమూనాలు తీసే చోట్లు కొట్టుకుపోయి ఉంటే తేదీతో, ఫొటోలతో చూపవచ్చు. కారణం ఎంత పెద్దదన్న దానికంటే, ప్రతిపాదన పంపిన తేదీకి ముందు జరిగిందా, తర్వాత జరిగిందా అన్నదే తేలుస్తుంది.

ఖర్చుకాని సొమ్ము: అసలు అడ్డంకి

జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 230వ నిబంధన ఒక మాట స్పష్టంగా చెబుతుంది. ఒకే సంస్థకు ఒకే పనికి మళ్లీ గ్రాంటు ఇచ్చేటప్పుడు, ముందు ఇచ్చినదానిలో మిగిలిన సొమ్మును లెక్కలోకి తీసుకోవాలి. 10 లక్షలు అడిగిన ప్రాజెక్టు ఖాతాలో 4 లక్షలు కనిపిస్తే, ఫైనాన్స్ విభాగం వేసే మొదటి ప్రశ్న ఆ 4 లక్షల గురించే. చాలా సందర్భాల్లో ఆ సొమ్ము నిజంగా మిగిలినది కాదు. పర్చేజ్ ఆర్డరు ఇచ్చేశారు, పరికరం రావాల్సి ఉంది. లేదా పరికరం వచ్చింది, బిల్లు పాస్ కాలేదు. లేదా ప్రయాణాలకు తీసుకున్న అడ్వాన్సు సెటిల్ చేయలేదు.

వినియోగ ధ్రువపత్రం (యూసీ) 12-ఏ నమూనాలో అసలు ఖర్చును ఒకచోట, సర్దుబాటు కాని అడ్వాన్సులను మరోచోట చూపాలి. ఆర్డరు ఇచ్చినంత మాత్రాన అది ఖర్చు కాదు. కాబట్టి యూసీకి తోడుగా ఖర్చుకు కట్టుబడిన సొమ్ము వివరాన్ని విడిగా ఇవ్వాలి: ఆర్డరు నంబరు, తేదీ, సరఫరాదారు, మొత్తం, సరుకు వచ్చే తేదీ. ఒక్క పేజీ చాలు. ఆ పేజీ లేకపోతే దరఖాస్తు మీద ‘ముందు ఉన్నది ఖర్చు చేయండి’ అన్న రాత పడుతుంది.

యూసీ ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా ఇవ్వాలన్నది నిబంధన. అదనపు నిధులు అడిగేవారికి ఆ 12 నెలలు లేనట్టే. మార్చి 31తో ముగిసిన ఏడాది యూసీ జూన్ నాటికి చేతిలో ఉండాలి, ఎందుకంటే దరఖాస్తుకు జతచేయాల్సిన తొలి కాగితం అదే. పరికరాల గ్రాంటుకు ఒక యూసీ, రోజువారీ ఖర్చుకు మరొకటి. రెండిట్లోని మొత్తాలు ఖర్చుల పట్టిక (ఎస్‌ఈ)తో రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. తేడా వచ్చేది ఎక్కువగా వడ్డీ దగ్గర. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ ప్రాజెక్టుది కాదు, కేంద్ర ఖజానాకు జమ చేయాలి. భారత్‌కోష్ పోర్టల్‌లో కట్టిన రసీదు జతచేయాలి. పాత పద్ధతిలో పొదుపు ఖాతాలో సొమ్ము ఉన్న కాలంలో వచ్చిన 8 వేల వడ్డీ కట్టలేదని లక్షల రూపాయల వాయిదా నిలిచిపోవడం అరుదేమీ కాదు.

కొత్త విడుదల పద్ధతిలో మరో ఇబ్బంది ఉంది. జీరో బ్యాలెన్స్ ఖాతాకు డబ్బు రాదు, ఖర్చు పరిమితి మాత్రమే వస్తుంది. మార్చి 31 లోపు వాడని పరిమితి రద్దవుతుంది. తర్వాతి ఏడాది తిరిగి వస్తుందన్న భరోసా మీద ఎవరికీ జీతం ఒప్పుకోకూడదు. పాత రోజుల్లో మార్చిలో వచ్చిన వాయిదాను మే నెలలో నిదానంగా ఖర్చు చేసేవారు. ఇప్పుడు మార్చి మూడో వారంలో వచ్చిన పరిమితి రాకపోయిన దానితో సమానం.

లెక్క కట్టడం: ఒక నమూనా

ఊహకు ఒక ప్రాజెక్టు తీసుకుందాం. మిరపలో నల్ల తామర పురుగు వ్యాప్తి మీద 42 లక్షల గ్రాంటు, గడువు 2024 ఏప్రిల్ నుంచి 2027 మార్చి వరకు. గుంటూరు జిల్లాలో 30 పొలాలు పరిశీలిస్తున్నారు. పల్నాడులో మరో 20 పొలాలు చేర్చాలని, రెండు సీజన్లు చూడాలని నిర్ణయించారు.

రెండు సీజన్లు కావాలంటే 2026 అక్టోబరు నుంచి 2028 మార్చి వరకు 18 నెలలు. ఫీల్డ్ అసిస్టెంటుకు నెలకు 20 వేలు, ఇంటి అద్దె భత్యం 20 శాతం వేసుకుంటే 24 వేలు. 18 నెలలకు 4,32,000. అక్టోబరు నుంచి మార్చి వరకు పదిహేను రోజులకోసారి అంటే సీజనుకు 12 విడతలు, రెండు సీజన్లకు 24. 20 పొలాలు తిరగడానికి విడతకు రెండు రోజుల వాహనం, రోజుకు 3,500 చొప్పున 48 రోజులకు 1,68,000. పొలానికి విడతకు ఒక నమూనా చొప్పున 480 నమూనాలు, ఒక్కోదానికి పరీక్ష ఖర్చు 450 అనుకుంటే 2,16,000. చిల్లర ఖర్చులకు 30 వేలు. మొత్తం 8,46,000. ఓవర్‌హెడ్స్ 10 శాతం కలిపితే 9,30,600. అసలు గ్రాంటులో ఇది 22 శాతం.

ఈ లెక్కలో మూడు తప్పులు దొర్లే అవకాశం ఉంది. ప్రాజెక్టు గడువు 2027 మార్చితోనే అయిపోతోంది. అడిగిన పని 2028 మార్చి దాకా నడుస్తుంది. అంటే ఇది నిధుల దరఖాస్తు మాత్రమే కాదు, 12 నెలల గడువు పెంపు కూడా. రెండూ ఒకే లేఖలో, ఒకదానికొకటి ముడిపెట్టి అడగాలి. నిధులు వచ్చి గడువు రాకపోతే రెండో సీజను డబ్బు ముట్టుకోవడానికి ఉండదు.

రెండోది, రసాయనాల హెడ్‌లో ఇప్పటికే 3,10,000 మిగిలి ఉంటే దాన్ని దాచి 9,30,600 అడగడం. యూసీలో అది ఎలాగూ కనిపిస్తుంది. మిగిలినదాన్ని ముందు వాడతామని, తక్కువపడే 6,20,600 మాత్రమే కావాలని తామే రాసిన దరఖాస్తుకు ఫైనాన్స్ విభాగంలో సగం ప్రశ్నలు తగ్గుతాయి. అయితే మిగిలిన రసాయనాల సొమ్ములో కొంత జీతానికి వెళ్లాలంటే పద్దుల మార్పు అనుమతి కూడా అడగాలి.

మూడోది శాస్త్రానికి సంబంధించినది, నిపుణుల కమిటీ పట్టుకునేది ఇదే. 480 నమూనాలు పెరుగుతున్నాయని గొప్పగా రాస్తారు. ఒకే పొలంలో పదిహేను రోజులకోసారి తీసిన 24 నమూనాలు ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవి, 24 స్వతంత్ర పరిశీలనలు కావు. లెక్కకు వచ్చేది ప్రధానంగా పొలాల సంఖ్య. 30 నుంచి 50కి పెరిగితే సగటు అంచనాలో ప్రమాణ దోషం, అంటే ఆ అంచనాలో ఉండే అనిశ్చితి, సుమారు 23 శాతం తగ్గుతుంది, ఎందుకంటే అది సంఖ్య వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. ఈ 23 శాతం మెరుగుదల వల్ల ఇప్పుడు తేలని ఏ విషయం తేలుతుందో ఒక వాక్యంలో చెప్పాలి. ఉదాహరణకు నీటి వసతి ఉన్న పొలాలకూ వర్షాధార పొలాలకూ మధ్య ఉధృతిలో తేడా. అదే డబ్బుతో పాత 30 పొలాల్లోనే వారానికోసారి తిరుగుతామంటే, ఖర్చు పెరుగుతుంది కానీ అంచనా అంతగా మెరుగుపడదు. ఆ రెండు ప్రత్యామ్నాయాలూ పోల్చి చూపిన దరఖాస్తు కమిటీ ముందు నిలబడుతుంది.

పంట క్యాలెండరు, ఖజానా క్యాలెండరు

మిరప నాట్లు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పడతాయి. పూత దశలో పురుగు చేరుతుంది. జనవరి నుంచి కోతలు, ఏప్రిల్ దాకా యార్డుకు రాక. ఖజానా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. కాగితం మీద ఈ రెండూ బాగానే కలుస్తాయి, ఆచరణలో కలవవు. దరఖాస్తు జులైలో వెళితే వర్సిటీ సంతకాలకు ఒక నెల, నిధులిచ్చే సంస్థలో పరిశీలనకు నాలుగు నుంచి ఆరు నెలలు పట్టిందనుకున్నా, ఉత్తర్వు వచ్చేసరికి డిసెంబరు, జనవరి. అప్పటికి పూత దశ అయిపోయి ఉంటుంది. మనిషిని తీసుకోవడానికి ప్రకటన, ఇంటర్వ్యూ, ఉత్తర్వులు కలిపి మరో నెల. చేతికి మిగిలేది ఫిబ్రవరి, మార్చి, పైగా మార్చి 31 గడువు.

అందుకే అక్టోబరులో పని మొదలవ్వాల్సిన విస్తరణకు దరఖాస్తు అంతకు ముందు జనవరి, ఫిబ్రవరిల్లోనే తయారై ఉండాలి. అప్పటికి ఆ ఏడాది యూసీ రాదు కాబట్టి, డిసెంబరు 31 వరకు ఖర్చుల పట్టికను ఫైనాన్స్ ఆఫీసరు సంతకంతో జతచేసి, పూర్తి యూసీ ఏప్రిల్‌లో పంపుతామని రాయాలి. నీటి, వరద అధ్యయనాలకూ ఇదే వర్తిస్తుంది. వర్షాకాలం జూన్‌లో వస్తుంది, ఉత్తర్వు దాని కోసం ఆగదు, అదీ ఉత్తర్వు కోసం ఆగదు.

ఫైలు నడిచే దారి

దరఖాస్తుకు ముందు ప్రోగ్రామ్ అధికారికి ఒక పేజీ ఈమెయిల్ పంపడం మంచిది. ప్రాజెక్టు నంబరు, మిగిలిన గడువు, ఖర్చు శాతం, అడగబోయే మొత్తం, కారణం. అంతే. ఈ పథకంలో అనుబంధ గ్రాంటుకు అవకాశం ఉందా, ఏ నమూనాలో పంపాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు వస్తే మూడు నెలల వృథా తప్పుతుంది.

ఆ తర్వాత వర్సిటీలో డీన్ లేదా పరిశోధన విభాగం, ఫైనాన్స్ ఆఫీసరు, రిజిస్ట్రార్. ఎండార్స్‌మెంట్ లేఖలో రిజిస్ట్రార్ సంతకంతో పాటు మూడు హామీలు స్పష్టంగా ఉండాలి: అదే పనికి మరెక్కడా నిధులు తీసుకోలేదని, ప్రాథమిక వసతులు సంస్థ ఇస్తుందని, ప్రధాన పరిశోధకుడు పొడిగించిన గడువు పూర్తయ్యేదాకా ఉద్యోగంలో ఉంటారని. మూడో హామీని పాత లేఖ నుంచి నకలు చేసి పెట్టేస్తారు. రిటైర్మెంట్ 2027 డిసెంబరులో ఉన్న ఆచార్యుడు 2028 మార్చి దాకా గడువు అడిగితే, సహ పరిశోధకుడికి బాధ్యత బదిలీ చేసే లేఖ కూడా జతచేయాలి.

కొటేషన్లు తాజావై ఉండాలి. ఏడాది కిందటి ప్రొఫార్మా ఇన్వాయిస్ పెడితే కమిటీ దాన్ని పక్కన పెట్టడానికి అదే కారణం చాలు. పన్నులు, రవాణా, బిగింపు ఖర్చు, వారంటీ తర్వాత నిర్వహణ ఒప్పందం విడివిడిగా చూపాలి. 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ శాస్త్రీయ కొనుగోళ్ల పరిమితులు సడలించింది. కొటేషన్ లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనే గరిష్ఠ పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో కొనుగోలు సొంత నిబంధనల ప్రకారం నడుస్తుంది కాబట్టి ఈ వెసులుబాటు తమకు వర్తిస్తుందో లేదో ఫైనాన్స్ విభాగంతో ముందే తేల్చుకోవాలి. వర్తించే చోట మాత్రం ‘కొనుగోలు ఆలస్యమైంది’ అన్న సాకుకు ఇకపై బలం తక్కువ.

వైద్య పరిశోధనలో అదనపు మెట్టు

మంగళగిరి, గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో జరిగే అధ్యయనాల్లో రోగుల సంఖ్య 200 నుంచి 350కి పెంచాలంటే డబ్బు కంటే ముందు ఎథిక్స్ కమిటీ సవరణ అనుమతి కావాలి. పాత అనుమతి 200 మందికే. కొత్త ఆసుపత్రిని చేర్చితే ఆ ఆసుపత్రి కమిటీ అనుమతి కూడా. సమ్మతి పత్రంలో మాటలు మారితే తెలుగు ప్రతిని కూడా మళ్లీ చూపించాలి. జన్యుమార్పిడి పనికి సంస్థాగత బయోసేఫ్టీ కమిటీ, జంతువులపై ప్రయోగానికి జంతు ఎథిక్స్ కమిటీ ఇదే విధంగా అడుగుతాయి. విదేశీ సహకారమో, విదేశీ సొమ్మో ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన కమిటీ ఆమోదం మరో దశ. విదేశీ నిధికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) వర్తించే సంస్థల్లో 2020 సవరణ తర్వాత సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. కాబట్టి ‘మా వాటా నుంచి పక్క కళాశాలకు కొంత ఇస్తాం’ అన్న విస్తరణ పథకాన్ని కాగితం మీదకు ఎక్కించకముందే ఆపాలి.

ఈ కమిటీలు నెలకో, రెండు నెలలకో ఒకసారి కూర్చుంటాయి. నిధుల దరఖాస్తు వెళ్లే రోజే సవరణ దరఖాస్తు కూడా వెళ్లాలి. ఒకటయ్యాక మరొకటి అనుకుంటే ఆరు నెలలు.

అమెరికా పద్ధతితో పోలిక

అమెరికాలో ఈ విభజన చాలా స్పష్టంగా కాగితం మీద ఉంటుంది. జాతీయ ఆరోగ్య సంస్థ, అంటే ఎన్‌ఐహెచ్, పరిధి లోపల ఊహించని ఖర్చుకు పరిపాలనాపరమైన అనుబంధం ఇస్తుంది. పరిధి పెరిగితే పోటీ సమీక్షకు పంపుతుంది. జాతీయ సైన్స్ ఫౌండేషన్ చిన్న అనుబంధ మొత్తాలను ప్రోగ్రామ్ అధికారి సిఫారసు మీదే పరిశీలిస్తుంది. డబ్బు అవసరమయ్యే తేదీకి కనీసం రెండు నెలల ముందు అడగమంటుంది. జీతాల పెంపు ఖర్చు భరించడానికి మాత్రం సాధారణంగా అనుబంధం ఇవ్వదు.

ఇక్కడ ఆ విభజన నిబంధనల్లో ఒకేచోట కనిపించదు. పథకం ప్రకటన, మంజూరు పత్రం వెనుక షరతులు, ఫైనాన్స్ నిబంధనలు, అప్పుడప్పుడూ వచ్చే ఉత్తర్వులు అన్నీ కలిపి చదువుకోవాలి. దీనివల్ల ఇబ్బంది ఎక్కువ పడేది గతంలో పెద్ద గ్రాంట్లు నడిపిన అనుభవం లేని జిల్లా కళాశాలలు. పెద్ద సంస్థల్లో ఈ కాగితాలే చూసే ఉద్యోగులు ఉంటారు. జిల్లా కళాశాలలో పాఠం చెప్పే అధ్యాపకుడే సాయంత్రం యూసీ కూడా తయారు చేస్తాడు. ఒక ప్రాజెక్టు అసిస్టెంటుకు ఇచ్చే జీతంతో విశ్వవిద్యాలయం గ్రాంట్ల లెక్కలు చూసే ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఓవర్‌హెడ్స్ కింద వచ్చే సొమ్ము ఇలాంటి అవసరాలకే.

మంజూరు తర్వాత ఏం మారుతుంది

అనుబంధ మంజూరు వస్తే సాధారణంగా సవరించిన మంజూరు పత్రం వస్తుంది. అందులో ఏ హెడ్‌కు ఎంత, ఏ తేదీ వరకు అన్నది అసలు పత్రంతో కలిపి చదవాలి. చాలాసార్లు అడిగినదంతా రాదు, జీతం ఇచ్చి ప్రయాణాలు తగ్గిస్తారు. అలాంటప్పుడు పొలాల సంఖ్యను తగ్గించి సవరించిన పని ప్రణాళిక వెంటనే పంపాలి. 20 పొలాల లక్ష్యం అలాగే ఉంచి 12 పొలాల డబ్బు తీసుకుంటే, ముగింపు నివేదికలో తక్కువ పని చేసినట్టు నమోదవుతుంది. తర్వాతి ప్రతిపాదన వచ్చినప్పుడు కమిటీ చూసేది ఆ ముగింపు నివేదికే.

కొత్తగా కొన్న పరికరాలు ఆస్తుల రిజిస్టరులో విడిగా ఎక్కాలి. అనుబంధ సొమ్ముకు యూసీలో కలిపి చూపాలా, విడిగా ఇవ్వాలా అన్నది ఉత్తర్వులో రాసి ఉంటుంది. రాసి లేకపోతే మొదటి బిల్లు పాస్ చేసే ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబును ఫైలులో పెట్టాలి. ఆడిట్ బృందం వచ్చేది రెండు మూడేళ్ల తర్వాత. అప్పటికి ఆ అధికారి బదిలీ అయి ఉంటాడు, ఫీల్డ్ అసిస్టెంటు వేరే ఉద్యోగంలో చేరి ఉంటాడు, పొలంలో మిరప బదులు మరో పంట ఉంటుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ కాగితం ఒక్కటే మిగులుతుంది.